కేసు షీట్‌లో ఒక్క వాక్యం

ఆస్పత్రిలో చేరిన ప్రతి మనిషినీ డాక్టర్లం మేం అడుగుతాం: "షుగర్, బీపీ ఉన్నాయా? ఎన్నాళ్ల నుంచి?" చెప్పింది చెప్పినట్టు కేసు షీట్‌లో రాస్తాం. వైద్యం కోసం రాసుకునే ఆ వాక్యాన్నే, క్లెయిమ్ వెళ్లాక బీమా కంపెనీవారూ వెతికి చదువుతారు.

రాజాం వైపు సిమెంటు, ఇనుము వ్యాపారం చేసే ఒకాయన గుండెనొప్పితో వచ్చాడు. యాభై ఏళ్లు కూడా లేవు. ప్రాథమిక చికిత్స చేసి విశాఖపట్నం పంపాం, స్టెంటు వేశారు. నాలుగేళ్లుగా ఆరోగ్య బీమాకు తప్పకుండా ప్రీమియం కడుతున్నాడు. షుగర్ ఎన్నాళ్ల నుంచి అని నేనడిగితే "ఎనిమిదేళ్లయింది" అని అతనే చెప్పాడు. తర్వాత అతని భార్య వచ్చి, "ఈమధ్యే వచ్చిందని రాసీండి బాబూ" అని బతిమాలింది. పాలసీ ఫారం ఏజెంటు నింపాడట. జబ్బుల ప్రశ్నలన్నింటికీ 'లేదు' అని పెట్టి, సంతకం మాత్రం ఈయనతో చేయించాడట.

రాసింది మార్చలేనని చెప్పాను. తర్వాత చూసే డాక్టరు ఆ షీట్‌ను నమ్మే మందులు రాస్తాడు. తప్పు రాస్తే రోగి ప్రాణానికే ముప్పు. చివరికి కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఇంట్లోవాళ్లు బంగారం తాకట్టు పెట్టి బిల్లు కట్టారు.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఆ దాపరికం అసలు అవసరమే లేదు. పాత జబ్బులకు కంపెనీలు పెట్టగల నిరీక్షణ గడువు 2024 నిబంధనల ప్రకారం గరిష్ఠంగా మూడేళ్లు. షుగర్ ఉందని మొదట్లోనే రాసి ఉంటే ఆ గడువు అప్పటికే దాటిపోయి ఉండేది. దాచడం వల్ల నాలుగేళ్ల ప్రీమియం వృథా అయింది. ఐదేళ్లు ఆగకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదన్న రక్షణ కూడా ఉంది. కానీ గుండెపోటు ఆ ఐదేళ్లూ నిండేదాకా ఆగలేదు.

ఉద్యోగికి ఈఎస్ఐయో, ఉద్యోగుల హెల్త్ స్కీమో, కంపెనీ గ్రూపు పాలసీయో ఉంటుంది. బియ్యం కార్డు ఉన్న కుటుంబానికి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పేరుతో ఆ పథకాన్ని మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇవేవీ వర్తించని చిన్న వ్యాపారి, కాంట్రాక్టరు, జీడిపప్పు బట్టీ యజమాని తన ఏర్పాటు తానే చేసుకోవాలి. మంచం పడితే వైద్యం ఖర్చుతోపాటు రాబడీ పోయేది వారికే. అయితే పాలసీ కొనేముందు, వైద్య సేవ పథకం మీకు వర్తిస్తుందో లేదో 104కు ఫోన్ చేసి తేల్చుకోండి.

మన జిల్లా ఉద్దానంలో ఇంకో చిక్కుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది. కాళ్ల వాపు, ఆయాసం కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. కంచిలి వైపు కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన పాలసీకి దరఖాస్తు చేస్తే పరీక్షల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చింది. కంపెనీ కాదంది. "ఒంట్లో ఏటీ నేదు కద బాబూ!" అంటూ రిపోర్టు నా ముందు పెట్టాడు. మందులు, జాగ్రత్తలు చెప్పి, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన ప్రభుత్వ కిడ్నీ ఆస్పత్రికి పంపాను. ఆ పక్కనే నిలబడ్డ ఇరవై నాలుగేళ్ల కొడుక్కీ అదే వారం పరీక్ష చేయించాను. అంతా బాగుంది. తండ్రి జబ్బు సంగతి కూడా ఫారంలో రాసి, అతను వెంటనే పాలసీ తీసుకున్నాడు. ఆ ఇంట్లో బీమా దొరికే వయసూ ఆరోగ్యమూ ఉన్నది ఆ కుర్రాడికే.

పాలసీ కొనేటప్పుడు ఆస్పత్రి గది అద్దె పరిమితి చూసుకోండి. రోజుకు 3,000 రూపాయల పరిమితి ఉన్న పాలసీతో 6,000 రూపాయల గదిలో చేరితే, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చులు కూడా సగానికి కోస్తారు. అర్థంకాని షరతుల గొడవ వద్దనుకునేవారికి, అన్ని కంపెనీల్లోనూ ఒకే షరతులతో ఉండే 'ఆరోగ్య సంజీవని' 2020 నుంచి ఉంది. అందులోనూ ప్రతి క్లెయిమ్‌లో ఐదు శాతం మనమే భరించాలి. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. ప్రీమియం భారమని వాయిదా వేసినవారు మరోసారి లెక్క చూసుకోవచ్చు.

ఫారం ఏజెంటు నింపినా సంతకం మీదే, జవాబుదారీ మీదే. ఇంటికి తెచ్చుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని ప్రతి ప్రశ్నా చదవండి. పాలసీ చేతికొచ్చాక కూడా 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఒంట్లో బాగున్నప్పుడే షుగర్, బీపీ, క్రియాటినిన్ చూపించుకోండి. డాక్టరుకు చెప్పే నిజమే ఆ ఫారంలోనూ రాయండి.