ఉప్పుపర్రలమీది యాత్ర

మన కృష్ణాడెల్టావారికి ఎత్తన్న మాట పుస్తకములలోనిదే. గుడివాడనుండి బందరునకును, బందరునుండి దివిసీమకును బోవు బాటసారికి ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు. కాలువగట్టు మనకు కొండ, ఏటికట్ట మహాపర్వతము. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని సముద్రము దివిసీమపైకి వచ్చి వేలకొలది ప్రాణములను గొనిపోయిన రాత్రి, డాబా యెక్కినవారును, చెట్టుకొమ్మ చిక్కినవారును బ్రతికిరి, నేలనున్నవారు పోయిరి. ఎత్తే ప్రాణము, పల్లమే మృత్యువు అనునది మన తీరమువారికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఈ బుద్ధి తలక్రిందులగు తావొకటి మన దేశముననే కలదు. అచ్చట నేల ఉప్పు, గాలి పలుచన, ప్రాణము దక్కించుకొనగోరువాడు క్రిందికి దిగవలెను. మేము గత దసరా సెలవులలో అచ్చటికి బోయివచ్చితిమి.

ఇటీవల మన పట్టణములలో యాత్ర యన్నది ఒక సరకైనది. ఇంత సొమ్మునకు ఇన్ని కనుమలు, ఇన్ని సరస్సులు, ఇన్ని భోజనములు అని ముందే అచ్చువేయుదురు. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశమున, 3,650 మీటర్ల యెత్తున, పదివేల చదరపు కిలోమీటర్ల ఉయుని ఉప్పుమైదానము కలదు. వీపున సంచి తగిలించుకొని లోకపు నలుమూలలనుండి యువకులు అచ్చటికి జట్లు జట్లుగా బోవుదురు. అంతదూరము పోజాలని మనబోంట్లకు లదాఖులోని త్సోకార్ చాలును. ఆ పేరునకు తెల్లసరస్సని యర్థము. గుడివాడవారు, బందరువారు, దివిసీమవారు కలసి పన్నెండుగురము బయలుదేరితిమి.

జట్టుగా బోవుట మనకు క్రొత్తగాదు. 1830వ సంవత్సరము మే మాసమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పెద్ద పరివారముతో బోయి, మఱుసటి యేడు సెప్టెంబరునకు తిరిగి వచ్చిరి. పల్లకి మోసిన బోయీలు ఆయన జట్టులోనివారా, కారా? ఆ కాలమువారిని ఆ ప్రశ్న యడిగి లాభము లేదు. ఈ కాలమువారిని అడుగవచ్చును. మా రసీదులో జట్టు పన్నెండుగురని యుండెను. దారి చూపువాడు, వంటవాడు, గుఱ్ఱములవారిద్దఱు కలసినచో పదునార్గురము. ఛాయాచిత్రములలో మాత్రము ఎప్పుడును పన్నెండుగురమే. బరువైన మూటలన్నియు గుఱ్ఱములమీద బోవుటచేత మా వీపుసంచులలో మిగిలినవి నీటిసీసాయు, చలికోటును, ఒకింత అహంకారమును.

లే పట్టణము ఇంచుమించు 3,500 మీటర్ల యెత్తున నున్నది. త్సోకార్ 4,500 మీటర్లకు పైన. గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి ఇరువదియొకటే. కాని పైకి బోయినకొలది గాలి యొత్తిడి తగ్గుటచేత ఒక్కొక్క యూపిరికి చిక్కునది తగ్గును. త్సోకార్ యెత్తున, బందరు ఒడ్డున దొరకుదానిలో సగముకంటె కొంచెము మాత్రమే యెక్కువ దొరకును. ఈ లోటునకు శరీరము అలవాటుపడవలెనన్న దినములు కావలెను. 3,000 మీటర్లు దాటినపిదప రాత్రి పండుకొను తావును దినమునకు 500 మీటర్లకంటె పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకమాఱు ఆగవలెననియు వైద్యులు చెప్పుదురు. తలనొప్పియు వాంతియు కలిగినచో ఉన్నచోటనే నిలువవలెను. అడుగు తడబడినను, మాట తికమకయైనను, కూర్చున్నచోట ఆయాసము వచ్చినను వెంటనే దిగవలెను, తెల్లవాఱనిమ్మనుట పనికిరాదు. ఇదంతయు బయలుదేరుటకు ముందే మా కందఱకు చదివి వినిపించిరి. అందఱును తలలూపిరి.

రుంత్సే గ్రామమునుండి నడక యారంభమైనది. మొదటి మజిలీలోనే గుడివాడ బియ్యపు వర్తకునకు తల పగిలిపోవుచుండెను. ఆయన ఏబది దాటిన పెద్దమనిషి. దారిపొడవునను తన ఆవకాయజాడీ అందఱకును విప్పిన ఉదారుడు. తనవలన నలుగురికి ఆలస్యమగునను బిడియముచేత ఎవరికిని చెప్పలేదు. చీకటిపడువేళ దారిచూపువాడు ఆయనను మడమకు వ్రేలు తాకించి గీతవెంబడి నడువుమనెను. మూడడుగులలో ఆయన ప్రక్కకు ఒరిగెను. "ఇప్పుడే దిగాలి. తెలుగు వచ్చినవారొకరు కూడా వెళ్ళాలి" అని దారిచూపువాడు హిందీలో చెప్పెను.

డేరాలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిదప అందఱును ఒక్కమాఱే మాటాడిరి. ఒకరు రాత్రి నిద్రపట్టినచో తగ్గుననిరి. ఒకరు, మధ్యలో మానినవారికి సొమ్ము తిరిగి యీయబడదను నిబంధనను జ్ఞాపకము చేసిరి. అందఱమును దిగి రెండుదినము లాగి మరల ఎక్కుదమని మేమంటిమి. ఓట్లు తీసిరి; మా ఓటుతో గలసి మూడు వచ్చినవి. అధికసంఖ్య ధర్మమును నిర్ణయించునని మేము బడిలో ఏనాడును పాఠము చెప్పలేదు. నేలమట్టమున నమ్మనిదానిని కొండమీద నమ్మము. బజారులో ఎదురైనచో చేతులు జోడించువారే యచ్చట ఆయన ముఖము చూడక తారీఖులు లెక్కించుచుండిరి. దినమునకు ఇంతయని వెలగట్టి కొన్న యాత్రలో ప్రక్కవాని జబ్బు నష్టపుపద్దున బడును. మా వారు చెడ్డవారు గారు, కొనుగోలుదారులు.

అప్పుడు మూలనున్న యువకుడొకడు బూట్లు తొడుగుకొనుచు, "మీరు వెళ్ళి చూసి రండి మాస్టారూ. బాబాయిగారితో నేను దిగుతాను" అనెను. ఇతడు దివిసీమలో పుట్టి, బందరు తీరపు ఉప్పుమళ్ళలో పెరిగినవాడు, తండ్రితాతలది ఉప్పుపని. మా యందఱిలో ఉప్పు చూచుటకే వచ్చినవాడు అతడొక్కడే. రెండేండ్లు సొమ్ము కూడబెట్టుకొని వచ్చెను. మేమును లేచితిమి గాని గుఱ్ఱములవాడు మా మోకాళ్ళవంక చూచి, తల అడ్డముగా నూపెను. వర్తకుని గుఱ్ఱముపై గూర్చుండబెట్టి, కంబళి కప్పి, ఒకడు ముందు దీపముతోను, ఒకడు ప్రక్క ఆయన నడుము పట్టుకొనియు చీకటిలో దిగిపోయిరి. రుంత్సేనుండి వాహనముమీద లే చేరి, వైద్యశాలలో ప్రాణవాయువు పొందిన మీదట, మూడవనాటికి వర్తకుడు మామూలు మనిషియయ్యెను. ఆ గుఱ్ఱములవాడు మఱునాడు మధ్యాహ్నమునకు, కన్నుమూయకయే, మరల ఎక్కి కనుమయొద్ద మమ్ము కలిసికొని మూటలు సర్దుచుండెను. అతని పేరు మాకు తెలియును. జట్టులో తక్కినవారికి తెలియునో లేదో చెప్పజాలము.

5,000 మీటర్లకు పైబడిన కనుమలు దాటి దిగగా త్సోకార్ కనబడినది. నీలపు పళ్ళెమునకు సున్నపు అంచు పెట్టినట్లుండెను. దక్షిణమున స్టార్త్సాపుక్ అను మంచినీటి సరస్సు కలదు. దాని నీరు దీనిలోనికి వచ్చును. దీనినుండి బయటికి బోవు దారి లేదు. వచ్చిన నీటిని ఎండయు గాలియు గొనిపోవును, ఉప్పు మిగులును. చుట్టునున్న కొండవాలులమీద పాతగట్ల చాళ్ళు కనబడును; ఒకనాడు ఈ సరస్సు ఎంత పెద్దదిగా నుండెనో వానివలన తెలియును. దూరమున అడవిగాడిదలు మేయుచుండెను. ఈ చిత్తడినేలను 2020లో రామ్సర్ జాబితాయందు చేర్చిరి.

ఈ తెల్లనిదంతయు శూన్యమని మా వారనిరి. కాదు. చాంగ్‌పా అను సంచారపు పశుకాపరులు తరతరములుగా ఈ యొడ్డున ఉప్పు ఏఱి, చిన్నసంచులకెత్తి, గొఱ్ఱెలమీదను మేకలమీదను వేసి, పల్లపు గ్రామములకు దినములతరబడి నడచి, అచ్చట బార్లీగింజలకు మార్చుకొనెడివారు. గొఱ్ఱెకు దాని వీపు మోయగలిగినంతయే బరువు. మంద మేసికొనుచు నడచినంతయే మజిలీ. సరిహద్దు బిగిసి, రోడ్డుపడి, చవుక సముద్రపుటుప్పు లారీలమీద వచ్చినపిదప ఆ బేరము పడిపోయినది. మా జట్టు అచ్చట ముప్పావుగంట నిలిచెను. ఎగిరి ఛాయాచిత్రములు తీయించుకొనిరి. మేము చిటికెడు నోట వేసికొని చూచితిమి.

ఫిబ్రవరిలో ఆ యువకుని చూచుటకు పల్లెతుమ్మలపాలెమువైపు బోయితిమి. 1930లో బందరు తీరమున పిడికెడుప్పు చేసి చట్టము నుల్లంఘించినవారికి మనము సభలు చేయుదుము. నేడు చేయువారితో రూపాయికి బేరమాడుదుము. అతడు మడిలో దిగి, పొడుగుకఱ్ఱకు అడ్డపలక కొట్టిన పనిముట్టుతో ఉప్పును గట్టుకు లాగుచుండెను. మమ్ము చూచి గట్టెక్కి, మొట్టమొదట అడిగినది గుఱ్ఱములవానిని గూర్చి. మమ్ము అందుకొన్నాడనియు, ఆ పూట వంటడేరాలో నిద్రపోయినాడనియు చెప్పితిమి.

"ఉప్పు చేదుగా ఉందా మాస్టారూ?"

ఉన్నదంటిమి.

"ఉంటుంది. ఇక్కడ ఉప్పు కట్టాక అడుగునీళ్ళు వదిలేస్తాం. వదలకపోతే చేదంతా ఉప్పులోకే దిగుతుంది. అక్కడ మడికి గండి లేదు గదా, వదిలేవాడెవడు?" అని, కొంచెము తడవు ఆలోచించి, "అంచు గట్టిగా ఉందా, అడుసా? కాలు ఎంత దిగింది? గాలి ఏ వైపునుంచి?" అని అడిగెను.

కాలు చీలమండ దాక దిగెనని చెప్పితిమి. గాలి మాట మాకు జ్ఞాపకమున్నది గాని దిక్కు చెప్పలేకపోయితిమి. మధ్యాహ్నము మొదలయ్యే గాలియా, ప్రొద్దుటినుండి ఉండే గాలియా యని మరల అడిగెను. మధ్యాహ్నపుదే యంటిమి. "అయితే పొక్కు పైపైనే కట్టి ఉంటుంది" అని మరల మడిలో దిగెను. గుడివాడ వర్తకుడు మరల వత్తునని కబురు పంపుచున్నాడట. ఈమాఱు తారీఖులు వేసికొనక, గొఱ్ఱెలమజిలీలుగా బోవుదమని ఇతడు జవాబు వ్రాసెనట. జూన్ వఱకు ఉప్పుపని యున్నది, ఆమీద చూడవలెను.