మా యింటిబండి వెనుక చిన్నబండి

మోటారుహోమనగా చక్రములపై నడచు చిన్న యిల్లు. పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది అన్నియు నొక్క బండిలోనే యమరియుండును. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందు కాపురముండు మేము వేసవి సెలవులలో అట్టి బండిమీద పిల్లలతో దేశము చూడబోవుచుందుము. “ఇల్లే వెంట వచ్చుచుండగా దానివెనుక మఱియొక బండి యెందుల”కని మన యూరివారు పలువురు మమ్ము నడిగిరి. వారికి చెప్పిన మాటలనే చదువరులకును మనవిచేయుచున్నాము.

మా పెద్దవానికి పుట్టుకనుండియు కాళ్లలో బలము చాలదు. రెండు చక్రముల బైసికిలుపై వాడు నిలువలేడు. మూడు చక్రముల దానిపైననో, తమ్ముని దాటిపోవును. నడకలో నెల్లప్పుడు వెనుకబడు పిల్లవానికి ముందుండుట యెంతటి సంతోషమో తలిదండ్రులైనవారు ఎఱుగుదురు. కాబట్టి ఆ బైసికిలు లేని ప్రయాణము మాకు ప్రయాణము కాదు.

మోటారుహోము వెనుకగోడకు బైసికిళ్లు తగిలించు ఇనుపచట్రము కలదు. అందు మూడుచక్రముల బండి యిముడదు. ఇమిడినను బరువు చిక్కు తప్పదు. 1997 జనవరి 1 తరువాత కారు పరీక్ష నిచ్చిన మావంటివారు నడపు డీసెలు బండి, మనుష్యులతోను సామానులతోను కలిపి, 3,500 కిలోలకు మించరాదని అచటి చట్టము. 100 లీటర్ల నీరు నింపినచో 100 కిలోలు అచటనే పోయినవి. మేము బండిని కాటాకెక్కించి చూడగా మిగిలినది 90 కిలోలే.

పైగా వెనుక వ్రేలాడు బరువు తన బరువుకంటె నెక్కువ తూగును. రెండు ఇరుసుల నడుమ 4 మీటర్లున్నవనుకొందము. వెనుక ఇరుసునకు 2 మీటర్ల యావల 60 కిలోలు తగిలించినచో, ఆ యిరుసుపై పడునది 60 కాదు, 90. ముందు ఇరుసుపైనుండి 30 కిలోలు తేలిపోవును. తులాదండ సూత్రము చదివిన విద్యార్థులు దీనిని తామే లెక్కకట్టి చూచుకొనవచ్చును. మా బండి ముందుచక్రములతో లాగునది. ముందు తేలికయైనచో తడిగడ్డిలో చక్రములు గిఱ్ఱున తిరుగునే గాని బండి కదలదు.

ఇక మిగిలినవి రెండే దారులు: బైసికిలును ఇంట విడుచుటయో, చిన్న ట్రెయిలరును కట్టుటయో. మొదటి మాట మాలో నొకరి నోట వచ్చినప్పుడు పెద్దవాడు వినుచుండెను. వాడేమియు ననలేదు. మఱునాడే ట్రెయిలరు కొంటిమి.

బ్రేకులు లేని ట్రెయిలరు బరువుతో కలిపి 750 కిలోలు దాటరాదు. లాగుబండి బరువులో సగమునకును మించరాదు. కొక్కెము ఊడినను తెగిపోకుండ వేఱొక గొలుసు తగిలింపవలెను. వెనుక దీపములును, లాగుబండి నంబరు పలకయు నుండవలెను. ఇవి యన్నియు సులభమే. సామాను సర్దుటయందే నేర్పు కావలెను. మన యెడ్లబండి తోలువారికి ఇది తెలిసిన విద్యయే. వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచి యెడ్ల గొంతు బిగియును. ముందెక్కువైన మెడలు క్రుంగును. ట్రెయిలరునందును బరువు ఇరుసుపై నుండి, కొంచెము ముందునకు మొగ్గవలెను. తోక బరువైనచో వేగమున అది పామువలె మెలికలు తిరుగును. అప్పుడు బ్రేకు గట్టిగా త్రొక్కక, చక్రమును త్రిప్పక, వేగమును మెల్లగా తగ్గనీయవలెను.

వెనుకకు నడుపుట మఱియొక పరీక్ష. ట్రెయిలరు ఎడమకు పోవలెనన్న చేతిచక్రమును కుడికి త్రిప్పవలెను. పొడవైనదానికంటె పొట్టిది త్వరగా అడ్డము తిరుగును. అద్దములలో కనబడనైన కనబడదు. మేమొకరము దిగి చేయి చూపుచుండగా, పిల్లలు కిటికీనుండి చెప్పు సలహాలకు అంతుండదు.

లోమండు సరస్సు ప్రక్కన, టార్బెటు దాటిన పిమ్మట, బాట మిక్కిలి యిఱుకు. ఎదుట లారీ వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టుకొందుము. ట్రెయిలరు కట్టిన బండి అట్టి బాటలో గంటకు 50 మైళ్లు మించరాదని నియమము. మేమందు సగము వేగముననే పోయితిమి. వెనుకవారు విసుగుకొనియుందురు.

బనావీ యొద్ద 1822లో తెఱచిన కాలెడోనియను కాలువ కలదు. అచట 8 లాకులు మెట్లవలె వరుసగా నుండి పడవల నెక్కించి దించుచుండును. ఆ కాలువగట్టు చదునైనది. వెనుక 1,345 మీటర్ల బెన్ నెవిసు పర్వతము మేఘములో తల దాచుకొనియుండెను. బైసికిళ్లు దించగానే పెద్దవాడు ముందు, తమ్ముడు వెనుక, మేమంతకు వెనుక. సుమారు 10 కిలోమీటర్లు పోయి గెయిర్‌లాకీ చేరునప్పటికి వాడు వంతెనయొద్ద మాకై కాచుకొనియుండెను. తిరుగుదారిలో వాన పట్టుకొన్నది. దిగి చెట్టుక్రింద నిలువుమనిన వాడు విననేలేదు.