రిజిస్టరులో ఒక పంక్తి

ఉద్యోగరీత్యా నేను అహ్మదాబాదులో ఉన్న రోజులవి. 2010 మే నెల. ఎండ 46 డిగ్రీలు దాటింది. మా క్వార్టర్ల గేటు వద్ద కాపలా ఉండే వృద్ధుని అందరమూ ‘కాకా’ అని పిలిచేవారము. ఒక మధ్యాహ్నం ఆయన, “తల తిరుగుతోంది సాహెబ్” అన్నాడు. “కాసేపు నీడన కూర్చోండి కాకా” అని చెప్పి నా దారిన నేను ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆ రాత్రే ఆయన కన్నుమూశాడు. గుండె ఆగిందని కాగితాలలో వ్రాశారు. పెద్ద వయసు, కాలం తీరిందని మేమూ సరిపెట్టుకున్నాము.

నా ఉద్యోగమే అంకెలు కూర్చడం. అయినా 2014లో వెలువడిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు నిశ్చేష్టుడనయ్యాను. ఆ నగరంలో నమోదైన మరణాలను రోజువారీగా లెక్కించి, 2009, 2011 సంవత్సరాల మే నెలలతో పోల్చి చూశారు. 2010 మే నెలలో 1,344 మరణాలు అధికంగా సంభవించాయని తేలింది. మరణపత్రాలను విడివిడిగా చూస్తే గుండెజబ్బో, వృద్ధాప్యమో కనిపిస్తుంది. అన్నిటినీ తేదీల వరుసన పేర్చి, పక్కన ఆనాటి ఉష్ణోగ్రత వ్రాసినప్పుడే ఎండ కనిపిస్తుంది. ఆ అంకెలో మా కాకా కూడా ఉన్నాడేమో!

ఆ అనుభవం వ్యర్థం కాలేదు. 2013లో అహ్మదాబాదు నగరపాలక సంస్థ, దక్షిణాసియాలోనే మొదటిదైన వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను చేపట్టింది. ఎండ తీవ్రతను బట్టి రంగులతో ముందస్తు హెచ్చరికలు, వైద్య సిబ్బందికి శిక్షణ, ప్రజలకు త్రాగునీరు అందులోని అంశాలు. నగరంలోని ఒక ఆసుపత్రిలో పై అంతస్తున ఉన్న ప్రసూతి వార్డును కిందికి మార్చారు. ఎండ వల్ల అస్వస్థులై చేరే శిశువుల సంఖ్య తగ్గిందని తెలిపినవీ లెక్కలే.

అయితే వ్రాయనిదే లెక్కకు రాదు. మన డిస్పెన్సరీ రిజిస్టరులో ‘నీరసం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టక, రోగి ఎక్కడ, ఏ వేళ, ఏ పనిలో ఉండగా సొమ్మసిల్లాడో కూడా వ్రాయాలని సోదర ఉద్యోగులకు నా మనవి. అప్పుడే ఏ షెడ్డుకు పైకప్పు మార్చాలో, ఎవరి డ్యూటీ వేళలు సవరించాలో తెలుస్తుంది.

ఇప్పుడు వేసవిలో ఎవరైనా తల తిరుగుతోందంటే నేను ఆగుతాను. నీళ్లిచ్చి, వైద్యుని వద్దకు పంపి, ఆ తరువాతనే ముందుకు కదులుతాను. కాకాకు నేను బాకీపడ్డ మర్యాద అది.