మొదటి పడవ

పిల్లలూ! హైదరాబాదులో మాదాపూరు అనగానే మీకు అద్దాల మేడలు, కంప్యూటరు కంపెనీలు, సందు లేకుండా పోయే కార్లు జ్ఞాపకం వస్తాయి. కాని ఆ మేడల మధ్య ఒక పాత చెరువు ఉన్నది. దాని పేరు దుర్గం చెరువు. చుట్టూ కొండరాళ్లు ఉండటంచేత చాలాకాలం అది బయటివారి కంటికి ఆనలేదు. అందుకే దాన్ని రహస్య చెరువు అని కూడా అన్నారు. కుతుబ్ షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగేనీరు ఇక్కడినుంచే వెళ్లేదని చెబుతారు.

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, సైబర్ టవర్స్ ఇంకా కట్టకముందు, ఒకసారి మా పిల్లలను ఇక్కడికి విహారానికి తీసుకువచ్చాను. అప్పుడు మాకు రాళ్లు, చెట్లు, నీళ్లు తప్ప మరేమీ కనిపించలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. ఆ తరవాత ఊరి రూపమే మారిపోయింది. 2020 సెప్టెంబరులో చెరువుమీద తీగల వంతెన కూడా వచ్చింది. దాని రెండు పెద్ద స్తంభాల మధ్య దూరం 233.85 మీటర్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు పని ఉన్నది.

మా అబ్బాయి ఆ మేడల్లోనే ఒకదానిలో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవుల్లో నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒక ఉదయం, ఆరో తరగతి చదివే నా మనుమడూ నేనూ చెరువుగట్టున నడుస్తున్నాము.

"తాతయ్యా, నాకు రిమోటు పడవ కొనాలని ఉంది. గల్లాపెట్టెలో మూడు వేలు పోగుచేశాను. గంటకు 30 కిలోమీటర్లు పోయే ఎర్రపడవ ఒకటి చూసిపెట్టుకున్నాను," అన్నాడు వాడు.

"బాగానే ఉంది. ఎక్కడ వదులుతావు?" అని అడిగాను.

"మా అపార్టుమెంటు వెనక కుంట ఉందిగా! పాతిక మీటర్ల వెడల్పు ఉంటుంది."

"అయితే ముందు లెక్క చేద్దాం. గంటకు 30 కిలోమీటర్లంటే సెకండుకు ఎన్ని మీటర్లు?"

వాడు వేళ్లమీద లెక్క వేశాడు. ముప్ఫై వేల మీటర్లను 3,600తో భాగిస్తే ఎనిమిది మీటర్ల పైచిలుకు వచ్చింది.

"అంటే నీ పడవ కుంటను మూడు సెకండ్లలో దాటుతుంది. నువ్వు ఒకటి, రెండు, మూడు అనేలోగా అవతలి గట్టురాయిని కొట్టుకుంటుంది. పోనీ, ఈ పెద్ద చెరువులో వదిలావనుకో. వంతెన రెండు స్తంభాల మధ్య దూరం 28 సెకండ్లలో పోతుంది. ఒక అడుగు పొడవు పడవ అంత దూరాన ఎంత కనిపిస్తుందో తెలుసా? చెయ్యి చాచి పట్టుకున్న ఆవగింజ కంటె చిన్నదిగా! అది మనకేసి వస్తున్నదో, అటు పోతున్నదో ఎవరు చెప్పగలరు?"

వాడి మొహం చిన్నబోయింది. కాని ఆలోచనలో పడ్డాడు. నాకు కావలసిందీ అదే.

పిల్లలూ, రిమోటు పడవ కొత్త వస్తువు కాదు. మన జగదీశ్ చంద్ర బోసుగారు 1895 ప్రాంతంలో కలకత్తాలో తీగె లేకుండానే దూరంగా ఉన్న గంటను మోగించి అందరినీ ఆశ్చర్యపరిచారు. 1898లో నికొలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు న్యూయార్కులో ఒక తొట్టినిండా నీళ్లు పోయించి, అందులో ఇనుప పడవను దూరంనుంచే నడిపించాడు. చూసినవారిలో కొందరు అది మంత్రమే అనుకున్నారు!

నిజానికి అందులో మంత్రం ఏమీ లేదు. మన చేతిలోని రిమోటు రేడియో తరంగాలను పంపుతుంది. పడవలోని చిన్న పెట్టె వాటిని అందుకుంటుంది. ఒక ఆజ్ఞ మోటారుకు పోతుంది, ప్రొపెల్లరు తిరుగుతుంది. మరొక ఆజ్ఞ వెనక ఉన్న చుక్కానికి పోతుంది, పడవ మలుపు తిరుగుతుంది. ఈనాటి రిమోట్లు చాలామట్టుకు సెకండుకు 240 కోట్ల సార్లు ఊగే తరంగాలను వాడతాయి. ఆఫీసుల్లోని వైఫై కూడా కొంతవరకు ఆ తరంగాలతోనే నడుస్తుంది. "మరి ఇన్ని ఆఫీసుల మధ్య నా పడవకు గందరగోళం కాదా?" అన్నాడు మా వాడు. మంచి ప్రశ్న. రిమోటూ, పడవా మొదటే ఒకదాన్నొకటి గుర్తుపట్టి జత కడతాయి. తన జత రిమోటు మాట తప్ప మరొకరి మాట పడవ వినదు. అయితే ఈ తరంగాలు నీళ్లలో ఎక్కువ దూరం పోలేవు. అందుచేత పడవలోని సన్నని ఏరియల్ తీగె నీటిమట్టానికి పైన ఉండాలి.

ఇక పడవ ఆకారం సంగతి. ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. బకెట్టు నీళ్లలో ఖాళీ గ్లాసును నిలబెట్టండి. అది పక్కకు ఒరిగి పడిపోతుంది. అడుగున నాలుగు గులకరాళ్లు వేసి మళ్లీ పెట్టండి. ఈసారి నిటారుగా తేలుతుంది. వెడల్పాటి పళ్లెమయితే రాళ్లు లేకపోయినా నిలకడగా ఉంటుంది. అంటే పడవకు బరువు అడుగున ఉండాలి, కదలకుండా ఉండాలి. లేదా పడవ వెడల్పుగా ఉండాలి. రెండు సన్నని పడవలను పక్కపక్కన కలిపినట్టుండే వాటిని కాటమరాన్ అంటారు. ఇది తమిళుల కట్టుమరం అన్న మాటనుంచి పుట్టింది. మన జాలరుల తెప్ప కూడా ఈ కుటుంబానిదే.

నిలకడ తప్పితే ఏమవుతుందో హైదరాబాదువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1990లో, ఒకే రాతిలో చెక్కిన సుమారు 18 మీటర్ల బుద్ధవిగ్రహాన్ని హుసేన్ సాగర్ మధ్యకు పెద్ద బల్లకట్టుమీద తీసుకుపోతుండగా, అది ఒరిగి విగ్రహం నీట మునిగింది. కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. రెండేళ్లకుగాని విగ్రహాన్ని పైకి తీయలేకపోయారు. 1992లో దాన్ని నిలబెట్టారు. ఈనాడు మీరు చూసే బుద్ధుడు ఆయనే. ఈ కథ చెబుతుంటే మా వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక కాగితంమీద మా పడవకు ఉండవలసిన లక్షణాలు రాశాము. వేగం గంటకు పది కిలోమీటర్లు మించకూడదు. అప్పుడు కుంట దాటటానికి తొమ్మిది సెకండ్లు పడుతుంది, ఆలోచించుకునేందుకు వ్యవధి ఉంటుంది. అడుగు వెడల్పుగా ఉండాలి. రంగు నీళ్లలో కొట్టవచ్చినట్టు కనబడాలి. నీళ్లలో పెట్టినప్పుడు తప్ప ప్రొపెల్లరు తిరగకూడదు. అప్పుడు వేళ్లకు దెబ్బ తగలదు. బాటరీ అయిపోవస్తుంటే రిమోటు ముందుగానే హెచ్చరించాలి. ప్రొపెల్లరు విరిగితే మరొకటి దొరకాలి. ఇవన్నీ చూసుకుని కోఠీలో ఒక దుకాణంలో పసుపుపచ్చని పడవ కొన్నాము. ఇంకో బాటరీ కొనగా కూడా గల్లాపెట్టెలో కొంత మిగిలింది.

బాటరీ విషయంలో పెద్దలు తప్పక దగ్గర ఉండాలి. లిథియం బాటరీకి దెబ్బ తగిలినా, అది ఉబ్బినా నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది. దానికి తగిన చార్జరుతోనే, మెలకువగా ఉన్నప్పుడే, బండమీద పెట్టి చార్జి చేయాలి.

పడవను నీళ్లలో పెట్టేముందు మేము ఒక ఆట ఆడాము. మీరూ ఆడండి. ఒకరు పడవ, ఇంకొకరు నావికుడు. పడవ అయినవాడు నడుస్తూంటే నావికుడు "కుడి", "ఎడమ" అని ఆజ్ఞలు ఇవ్వాలి. పడవ దూరంగా పోతున్నంతసేపు ఏ కష్టమూ లేదు. అది తిరిగి మీవైపు వచ్చేటప్పుడే తమాషా! దాని కుడి మీకు ఎడమ అవుతుంది. నేను పడవనయి నడిచాను. మా వాడు నన్ను రెండుసార్లు పూలకుండీలమీదికి నడిపించాడు.

మర్నాడు కుంట చూసుకునేవారి అనుమతి తీసుకుని పడవ వదిలాము. అది బాతుపిల్లలాగా చక్కగా పోయింది, మలుపు తిరిగింది, తిరిగి వచ్చింది. మా వాడి సంతోషానికి మేర లేదు. నాలుగోసారి పోతూండగా, గట్టుకు అయిదారు మీటర్ల దూరాన ఠక్కున ఆగిపోయింది. ప్రొపెల్లరుకు ఏదో నాచు చుట్టుకున్నది.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నాకు మనసు ఆగలేదు. "ఏముందిరా, మోకాటి లోతే," అంటూ చెప్పులు విడిచి పంచె పైకి కట్టాను. ఒక కాలు గట్టు దించబోయాను. అంతలో వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తాతయ్యా! పడవ కోసం నీళ్లలో దిగకూడదని మీరే రాయించారు కదా!"

నిజమే. కాగితంలో అన్నిటికంటె పైన ఉన్న నియమం అది. ముప్ఫై ఏళ్లు ఇతరులకు నియమాలు చెప్పిన నేను, నాదాకా వచ్చేసరికి మరిచిపోయాను. కాలు వెనక్కి తీసుకున్నాను.

ఒక పొడుగాటి నైలాను తాడుకు టెన్నిసు బంతి కట్టి, పడవకు అవతల పడేలా విసిరాము. మొదటిసారి గురి తప్పింది. మూడోసారికి తాడు పడవ మీదుగా పడింది. మెల్లగా లాగితే పడవ గట్టుకు చేరింది. తరవాత వాచ్‌మన్ ఒక వెదురుగడ తెచ్చి, నేను దిగబోయిన చోట గుచ్చాడు. నీళ్లు మోకాటి లోతే. కాని గడ బురదలోకి ఇంకా నడుముదాకా దిగిపోయింది! నేను, మా వాడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

పిల్లలూ, విశాఖపట్నంలో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ఉన్నది. అక్కడ 500 మీటర్ల పొడుగు నీళ్లతొట్టిలో చిన్న ఓడల నమూనాలను నడిపి పరీక్షిస్తారు. పెద్ద ఓడ కట్టబోయేముందు చిన్నదానితో తప్పులు తెలుసుకోవటం అందులోని రహస్యం. మీ మొదటి పడవ కూడా అందుకే. దానివల్ల ఎన్ని పొరపాట్లు జరిగినా ఫరవాలేదు; మీరుమాత్రం గట్టుమీదనే ఉండాలి. పడవ పోతే మరొకటి కొనుక్కోవచ్చు.

మా వాడు ఇప్పుడు ఆ నియమాల కాగితాన్ని పడవపెట్టె మూతకు అంటించాడు. మొదటి నియమం కింద ఎర్ర పెన్సిలుతో, "తాతయ్యలకు కూడా!" అని రాశాడు.