మా హాస్టల్‌కు వచ్చిన కొత్త చేపలు

ఈసారి మీరు స్టడీ హాలులోకి రాగానే గోడ పక్కన ఒక అద్దాల తొట్టి కనబడుతుంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. దాదాపు 50 లీటర్ల నీళ్లు పడతాయి. ప్రతి సంచికలో మెస్సు గురించి, పరీక్షల గురించి, అమ్మానాన్నల గురించి రాస్తూనే ఉన్నాము. ఈ ఏడు మేము, అంటే రెండో అంతస్తులోని డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లము, చేపల గురించి రాస్తున్నాము. మా చేతుల్లో 7 చేపలు చచ్చిపోయాయి. అందుకే రాస్తున్నాము.

మాలో ఇద్దరు అశోక్‌నగర్‌లో ఒక ఇంటికి ట్యూషన్ చెప్పడానికి వెళ్లేవారు. ఆ ఇంట్లో తాతగారు రిటైరైన టీచరు. మేమంతా పెద్దసారు అంటాము. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ తొట్టిని, అందులోని 6 నల్ల మోలీ చేపలను మాకు ఇచ్చేశారు. "మీ హాల్లో పెట్టుకోండి. చదివి చదివి కళ్లు మండినప్పుడు చూడండి" అన్నారు. గేటు దాకా వచ్చి ఇంకో మాట కూడా చెప్పారు: "కొత్తవి తెస్తే మాత్రం తిన్నగా ఇందులో వెయ్యకండి. కొన్నాళ్లు విడిగా ఉంచండి." మేము తలూపాము. తొట్టిని ట్రాలీ ఆటోలో, చేపలను మూత పెట్టిన బకెట్‌లో తెచ్చుకున్నాము. ఆ మాటను మాత్రం గేటు దగ్గరే వదిలేసి వచ్చాము.

రెండు నెలలు గడిచాయి. అన్నీ నల్లవే ఉంటే ఏం బాగుంటుంది అనిపించింది. తలా 20 రూపాయలు వేసుకొని, ఒక ఆదివారం నారాయణగూడ వైపు నడిచి వెళ్లి, ఒక దుకాణంలో 4 తెల్ల మోలీలు కొన్నాము. చిక్కడపల్లి సందుల్లో కవరును ఎత్తిపట్టుకొని పెళ్లి ఊరేగింపులాగా వచ్చాము. హాల్లో అందరూ చుట్టూ చేరారు. కవరు కోసి, నీళ్లతో సహా తొట్టిలో గుమ్మరించాము. చప్పట్లు కూడా కొట్టాము.

నాలుగో రోజు కొత్త చేపలు గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఆడుకుంటున్నాయని నవ్వుకున్నాము. ఏడో రోజున నల్ల చేపల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి గింజలు కనబడ్డాయి. తెల్ల చేపల మీద అవి ముందే ఉండి ఉంటాయి. తెలుపు మీద తెలుపు మాకు కనబడలేదు. రెండు వారాలు తిరిగేసరికి 10 చేపల్లో 3 మిగిలాయి, మూడూ పాతవే. సరిగ్గా ఆ వారంలోనే పెద్దసారు ఫోను చేసి "మా పిల్లలు ఎట్లున్నారు?" అని అడిగారు. "బాగున్నాయి సార్" అని చెప్పాము. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారి మా కాలేజీలో జువాలజీ చెప్పే మేడమ్‌ను అడిగాము. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, ఉద్యోగ పరీక్షల పుస్తకాల మధ్య తలలు వంచి కూర్చున్న అన్నల పక్కనే, చేపల పుస్తకాలు వెతికాము. అప్పుడు అర్థమైంది. దాన్ని తెల్లమచ్చల వ్యాధి అంటారు. ఇక్థియోఫ్తీరియస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తుంది. అది చేప చర్మం కింద దాక్కొని పెరుగుతుంది, అదే మనకు గింజలాగా కనబడుతుంది. తరువాత రాలి తొట్టి అడుగున చేరి, పగిలి, వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు ఈదుకుంటూ మరో చేపను వెతుక్కుంటాయి. మందు పనిచేసేది అవి ఈదుతున్న ఆ కొద్ది సమయంలోనే. చర్మం కింద ఉన్నదాన్ని మందు ముట్టలేదు. అందుకే మచ్చలు పోగానే మందు ఆపితే జబ్బు మళ్లీ వస్తుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఈ చక్రం త్వరగా తిరుగుతుంది కాబట్టి, హీటరుతో 28 డిగ్రీల దాకా వేడి పెంచి మందు వేస్తారు.

దుకాణం వాళ్లది తప్పని మేము అనము. అలంకరణ చేపల వ్యాపారానికి చెన్నైలోని కొళత్తూరు పేరుపడ్డ చోటు. అలాంటి చోట్ల నుంచి చేప మన దాకా రావాలంటే పెంపకం తొట్టి, టోకు వ్యాపారి తొట్టి, ప్రయాణం పెట్టె, దుకాణం తొట్టి అన్నీ దాటి రావాలి. ఇన్ని నీళ్లు మారి, అలసిపోయి వచ్చిన ప్రాణికి జబ్బును తట్టుకునే శక్తి తగ్గుతుంది. తప్పు, వినీ వినని మాది.

అందరం కలిసి పెద్దసారుకు ఫోను చేసి ఉన్నది చెప్పేశాము. కాసేపు మాట్లాడలేదు. తరువాత "మొదటి ఏడు నేను కూడా అన్నిటినీ చంపుకున్నా. కాగితం తీసుకోండి" అన్నారు. ఆయన చెబుతుంటే హాల్‌టికెట్ జిరాక్సు వెనక రాసుకున్నాము.

మిగిలిన మూడింటికి మందు వేసి, మచ్చలు పోయాక కూడా ఒక నెల ఆగాము. మెస్సులోని పాత ప్లాస్టిక్ టబ్బు అడిగి తెచ్చి, సబ్బు లేకుండా కడిగి సిద్ధం చేశాము. దానికి విడిగా చిన్న వల, విడిగా మగ్గు, విడిగా గాలి పంపు. స్పాంజి ఫిల్టరును ముందే నెల రోజులు పెద్ద తొట్టిలో నానబెట్టాము, ఎందుకంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను తినే మంచి బాక్టీరియా ఆ స్పాంజిలో చేరాలి. ఈసారి 4 నారింజ రంగు మోలీలు తెచ్చాము. మచ్చ వస్తే కనబడాలి కదా.

టబ్బును హాలు మూలన పెట్టిన రోజు సాయంత్రం, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు దాని ముందు నిలబడి, వలను, మగ్గును చూసి అన్నాడు: "వీటికి గూడ వేరే గిలాసనేనా అన్నా?"

హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది. రెండు గ్లాసుల పద్ధతి గురించి మా హాస్టల్లో ఎవరికీ పాఠం చెప్పనక్కర లేదు. మాలో కొందరు చూశారు, మిగతావారు నాన్నల నోట విన్నారు. అంబేద్కర్ గారిని చిన్నప్పుడు బడిలో గోనెపట్ట మీద విడిగా కూర్చోబెట్టారని ప్రతి ఏప్రిల్ 14న ఇదే హాల్లో చెప్పుకుంటాము. అదే హాల్లో మేము నాలుగు ప్రాణులను మూలన పెట్టాము.

ఆ రాత్రి పుస్తకాలు మూసి దాని గురించే మాట్లాడుకున్నాము. క్వారంటైన్ అనే మాట ఇటలీ భాషలో 40 అనే అంకె నుంచి పుట్టింది. 1377లో రగూసా అనే రేవు పట్టణం, ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు బయట ఆగాలని చట్టం చేసింది. తరువాత అది 40 రోజులైంది. అంటే అది మొదటి నుంచీ రోజుల లెక్క. 2020లో కరోనా వచ్చినప్పుడు మేము బడి పిల్లలము. పట్నం నుంచి నడిచి వచ్చినవాళ్లను 14 రోజులు విడిగా ఉంచడం చూశాము. పదిహేనో రోజున ఇంటికి వెళ్లారు. ఊరి చివర వాడకు మాత్రం పదిహేనో రోజు రాలేదు.

చివరికి ఒక మాటకు వచ్చాము. విడిగా ఉంచడానికి ఒక కారణం ఉండాలి, ఒక తేదీ ఉండాలి. ఆ కారణం పుట్టుక కాకూడదు. పాత చేపకు జబ్బు చేసినా అదే టబ్బులోకి వెళ్లాలి. తిండి రెండు చోట్లా ఒకటే, ఒకే వేళకు. ఇవన్నీ కాగితం మీద రాసి టబ్బుకు అంటించాము. 21 రోజులు లెక్కపెట్టి ఆఖరి తేదీ పెద్ద అక్షరాలతో రాశాము. టబ్బు బాధ్యత ఆ తమ్ముడికే అప్పగించాము.

ఆరో రోజున ఒక చేప తోక మీద మచ్చ కనబడింది. టబ్బులోనే మందు వేశాము. రెండు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చి, తీసేసిన దాని మేరకు మళ్లీ మందు కలిపాము. ఒకటి చనిపోయింది, మూడు కోలుకున్నాయి. పెద్ద తొట్టికి ఏమీ కాలేదు. కాని ఆఖరి మచ్చ పోయిన రోజు నుంచి మళ్లీ 21 లెక్కపెట్టాలి. తేదీ కొట్టేయబోతే తమ్ముడు కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "తారీకు మార్చకుండ్రి అన్నా. మా నాయినకు గూడ ఎప్పటికీ ఇట్లనే మార్చిన్రు." వాడికి భూతద్దం ఇచ్చి, పోయిన చేపను చూపించాము. చాలాసేపు చూశాడు. పాత తేదీని కొట్టేయకుండా, దాని కింద కారణం రాసి, కొత్త తేదీని తానే వేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఇంట్లో తొట్టి ఉన్నవారు ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి. ముందుగా తొట్టిలోని రాళ్లు, మొక్కలు చోటు మార్చాము. పాత చేపలకు "ఇది నా మూల" అనే పట్టు పోతుంది, కొత్తవాటిని తరమవు. వాటికి మేత వేసి లైటు ఆపేశాము. కొత్త చేపలను కవరులో టబ్బు నీళ్లతోనే పెట్టి, మూతి కట్టి 20 నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేలనిచ్చాము. రెండు నీళ్ల వేడి ఒకటవ్వాలి. తరువాత మూతి విప్పి, 5 నిమిషాలకోసారి ఒక చిన్న కప్పు తొట్టి నీళ్లు కవరులో పోశాము. అలా అరగంట. చివరికి చేపలను మాత్రమే వలతో తీసి వదిలాము. కవరు నీళ్లు పారబోశాము. ఒకేసారి ఎక్కువ చేపలు వేస్తే అమోనియాను తినే బాక్టీరియా చాలదు, అందుకే మూడు నాలుగు మించకూడదు. కుళాయి నీళ్లను 24 గంటలు బకెట్‌లో నిలవుంచితే క్లోరిన్ పోతుంది. వద్దనుకున్న చేపలను మాత్రం అశోక్‌నగర్ నాలాలోనో, చెరువులోనో వదలకండి. అక్కడి చేపలకు జబ్బులు తగిలిస్తాయి, కొన్ని జాతులైతే అక్కడే పెరిగి మన చేపల తిండి తినేస్తాయి.

ఆ సాయంత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తమ్ముడు కాగితం పీకి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్దసారుకు ఫోను చేసి వాడే మాట్లాడాడు.

ఇప్పుడు తొట్టిలో పెద్దవి 6. నలుపు మీద నారింజ మచ్చలున్న పిల్లలు కొన్ని మొక్కల చాటున తిరుగుతున్నాయి. టబ్బు కడిగి, ఆరబెట్టి, మెట్ల కింద బోర్లించి ఉంది. వచ్చే జూన్‌లో రేకు పెట్టెలతో కొత్త తమ్ముళ్లు వస్తారు. వాళ్లకు ఏ మూలా ఉండదు. మొదటి రోజు నుంచే మా పక్కన కంచం. చేపల టబ్బు ఎందుకో, కాగితం మీద ఏం రాయాలో మాత్రం వాళ్లకు తప్పకుండా చెబుతాము.