అమ్మమ్మ అల్లిన లేసు

క్రిస్మస్ సెలవులకు నరసాపురంలో మా అమ్మ దగ్గరికి వెళ్లాం. పండగ రాత్రి భోజనాల బల్లను ‘బీచ్ థీమ్’లో అలంకరిస్తానంది ఏడో తరగతి చదివే మా పాప. పాత నీలం చీర పరిచింది. పేరుపాలెం బీచ్‌లో ఏరిన గవ్వల్ని గాజు గ్లాసుల్లో పోసింది. (ముందు వేడినీళ్లలో కడిగి ఎండబెట్టాలి సుమా, లేకపోతే నీచు వాసన!) ప్లేట్ల కిందకు తెల్లగా, అలల నురగలా ఏదైనా కావాలంది.

అమ్మ బీరువాలోంచి ఆరు లేసు ముక్కలు తీసింది. ముప్పై ఏళ్లు కూలికి అల్లింది తను. అల్లిందంతా ఏజెంటు పట్టుకెళ్లేవాడు, విదేశాలకు. ఇవి అతను తిరగ్గొట్టినవట. లోపమేమిటో మాకెవరికీ కనిపించలేదు. మా ఇంట్లో బల్ల మీద లేసు చూడటం నాకదే మొదటిసారి.

“చేపల పులుసు మరకలు పోవమ్మా” అన్నాను.

“పోకపోతే పోనీ” అంది అమ్మ, తన పళ్లెం కింది ముక్కను సరిచేసుకుంటూ.