నాలుగక్షరాల ఖాళీ

మా నాగాయలంకలో రాత్రిపూట రికార్డింగ్ కుదరదు. చీకటి పడితే చెరువుల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది, రొయ్యల కోసం ఏరియేటర్లు తెల్లార్లూ తిరుగుతాయి. అందుకే నా మొదటి పాటని మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్ ఆపేసి, కిటికీలకి బొంతలు కట్టి పాడాను. లాప్‌టాప్, మైకు నావి. హార్మోనియం, చెవి మాస్టారివి.

మాస్టారు నాటకాలకీ భజనలకీ వాయించిన మనిషి. డబ్బు తీసుకోరు. ఆ మాటెత్తితే ఘంటసాల కథ అందుకుంటారు. 1922లో చౌటపల్లిలో పుట్టిన పిల్లాడు. తరంగాలు పాడే తండ్రి సూరయ్య పోయాక, సంగీతం కోసం విజయనగరం వెళ్లి మధూకరం ఎత్తుకుని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. "నేనేమైనా ఘంటసాలనా?" అంటే, "నేను మాత్రం పట్రాయనివారినా?" అంటారు. మద్రాసులో అతనికి అండగా నిలిచిన సముద్రాల రాఘవాచార్యగారిది కృష్ణకి అవతలి గట్టే, పెదపులివర్రు. అయినా సినిమాలో ముందు దొరికింది కోరస్, 1944లో 'సీతారామ జననం'లో. అంతమందిలో ఆ గొంతేదో పోల్చుకోలేం. మాస్టారికి కథలో ఈ ముక్కే ఇష్టం. నాకేమో అప్పట్లో విసుగొచ్చేది.

నా పాట ఉప్పెన మీద. 1977 నవంబరు 19. అధికారిక లెక్కే దాదాపు 10 వేల ప్రాణాలు. మా ఇంటి లెక్క ఒకటి, అమ్మమ్మ పెద్దకూతురు. మూడేళ్ల పిల్ల. బతికుంటే నాకు పెద్దమ్మ అయ్యేది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. అమ్మ ఒక్కసారి నోరుజారితే విన్నాను, తీసుకెళ్లి చరణంలో పెట్టేశాను. నిజం చెప్పాలంటే, అక్కడ వినేవాళ్లు ఏడుస్తారని లెక్కేసుకునే పెట్టాను.

మొదటి టేక్ అయ్యాక మాస్టారు తిత్తి మూసేశారు. "శ్రుతి బానే ఉంది. మీ అమ్మమ్మని అడిగావా?"

ఆ సాయంత్రం అడిగాను. ఎండుచేపల తలలు తుంచుతోంది. తలెత్తలేదు.

"పాటలో పెడితే ఊరంతా పిలుస్తారు కదే దాన్ని" అంది.

వద్దంటోందో, పెట్టమంటోందో! మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మర్నాడు మాస్టారితో చెప్పి, పేరుకి బదులు 'చిట్టీ' అందామా, 'తల్లీ' అందామా అని రకరకాలుగా పాడి చూపించాను. అన్నీ విన్నారు. "ఆవిడ పలకని మాట నువ్వెందుకమ్మా పలకడం? అక్కడ ఆగు" అన్నారు. నాలుగక్షరాల జాగా. హార్మోనియం ఒక్క స్వరం పట్టుకునుంటుంది, నేను నోరు మూసుకోవాలి. అంతే. అదే రాలేదు నాకు. మూడ్రోజులు, ప్రతి టేక్‌లోనూ ముందే అందుకునేదాన్ని. ఖాళీ కనబడితే ఏదో ఒకటి పోసెయ్యాలన్న తొందర.

చివరికి కుదిరిన టేక్‌లో, సరిగ్గా ఆ ఖాళీలోనే, దూరంగా ఎవరిదో ఏరియేటర్ మొదలైంది. మబ్బు పట్టిందేమో, పగలే వేశారు. తీసేస్తానన్నాను, సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని. మాస్టారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నారు.

"ఉండనీ" అన్నారు.

ఫైలు ఫోన్‌లో ఉంది. అమ్మమ్మకి ఇంకా వినిపించలేదు.